రన్‌వే చివర మంచం

“వచ్చే ఈస్టర్ నాటికి ఈ రన్‌వే పొడవు పెరుగుతుంది. ఈ ఫైర్ ట్రక్ ఈ గేటు దాటి బయటికి పోదు. మీ ప్రాణాలకు పూచీ నాది.”

1979 నవంబరులో కొత్త టెర్మినల్‌కు శంకుస్థాపన జరిగిన రోజున, సెయింట్ ఆరెల్ దీవి ఎయిర్‌పోర్టు డైరెక్టర్ దామోదర్ మైకు ముందు నిలబడి అన్న మాటలివి. ముందు ఇంగ్లీషులో అన్నాడు. తర్వాత మొదటి వరసలో కూర్చున్న తెలుగు కుటుంబాల వైపు తిరిగి, “మనవాళ్ళ కోసం” అని నవ్వి, మళ్ళీ తెలుగులో అన్నాడు. తెలుగువాళ్ళు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు.

సెయింట్ ఆరెల్ అమెరికాది. జెండా అమెరికాది, పోస్టాఫీసు అమెరికాది, తుపాను వచ్చిపోయాక హెలికాప్టర్‌లో వచ్చి ఫోటోలు దిగే పెద్దమనుషులు అమెరికా వాళ్ళు. ఆ పెద్దమనుషుల్ని ఎన్నుకునే ఓటు మాత్రం దీవి జనానికి లేదు. ఓటు లేని చోట మాటకు విలువ ఉండదు. అభివృద్ధి అంటే అక్కడ రిబ్బను. కత్తెర వస్తుంది, ఫోటో వస్తుంది, రన్‌వే మాత్రం ఎక్కడిదక్కడే, సముద్రపు రాళ్ళకు ఇవతల, గుక్క తిప్పుకోవడానికి కూడా చోటు లేకుండా ఆగిపోతుంది.

వసంతకుమారి ఆ దీవి ఆస్పత్రిలో నర్సు. ఆమె భర్త సుందర్ రాజ్ పక్కనున్న చిన్న దీవి లిటిల్ ఆరెల్ హైస్కూల్లో లెక్కల టీచరు. సోమవారం పొద్దున విమానమెక్కి వెళ్ళేవాడు, శుక్రవారం సాయంత్రం విమానంలో తిరిగొచ్చేవాడు. నరసాపురంలో జనం పడవెక్కినట్టు ఆ దీవుల్లో విమానమెక్కుతారు. కోళ్ళ గంపలతో, పనస లాంటి బ్రెడ్‌ఫ్రూట్ బస్తాలతో. శుక్రవారం విమానం చప్పుడు ఆస్పత్రి పైకప్పు మీదుగా పోగానే వసంతకుమారి ఇంటికి ఫోన్ చేసి, పొరుగావిడ మిస్ ఎల్వీరాతో పొయ్యి మీద అన్నం పెట్టించేది. ఆదివారం వాళ్ళ హాల్లో తెలుగు ప్రార్థన జరిగేది. దామోదర్, అతని భార్య శశికళ హిందువులే గానీ, ఆఖరి పాట మొదలయ్యే వేళకి సరిగ్గా చేరుకునేవాళ్ళు. పాట అయ్యాక చేపల పులుసు ఉంటుంది.

“దామోదర్ గారూ, మీ ఫైర్ ట్రక్కు నాకంటే ఎక్కువ తిరుగుతోందండీ,” అన్నాడు సుందర్ రాజ్ ఓసారి ముల్లు తీసుకుంటూ. “మొన్న అక్కడ చూశాను. ఇవాళ ఇక్కడుంది.”

“అది కాదయ్యా మాస్టారూ, అది దాని చెల్లెలు,” అన్నాడు దామోదర్. అందరూ నవ్వారు.

“చెల్లెలికి కూడా ఎడమ డోరు మీద అదే సొట్టా?”

“కవలలు,” అంది శశికళ, పులుసు ఇంకాస్త వేసుకుంటూ. మళ్ళీ నవ్వారు.

సంగతి దీవిలో అందరికీ తెలుసు. ప్రయాణికుల విమానం దిగే ప్రతి ఎయిర్‌పోర్టులోనూ ఫైర్ ట్రక్ ఉండాలని రూలు. రెండు దీవులకూ కలిపి పనిచేసే ట్రక్ ఒక్కటే. ఇన్‌స్పెక్టర్ ఎప్పుడొస్తాడో ముందే కబురు వస్తుంది. అతను ఏ దీవికి వస్తుంటే ఆ దీవికి ట్రక్కు బార్జ్ అనే బల్లపరుపు సరుకుల పడవ మీద, టార్పాలిన్ ముసుగేసుకుని, పెళ్ళికూతురిలా తరలిపోయేది. ఇన్‌స్పెక్టర్ పెద్ద దీవిలో దాన్ని చూసి తలాడించి, హోటల్లో భోంచేసి, విశ్రాంతి తీసుకుని చిన్న దీవికి వెళ్ళేసరికి అది అక్కడ కడిగిన మొహంతో నిలబడి ఉండేది. దీన్ని ఎవరూ మోసమనలేదు. అడ్జస్ట్‌మెంట్ అన్నారు. అన్యాయానికి ముద్దుపేరు పెట్టిన రోజే అది ఇంట్లో మనిషైపోతుంది.

1982 జూన్‌లో పబ్లిక్ హియరింగ్ జరిగింది. ఫెడరల్ ఇన్‌స్పెక్టర్ ఒక మెతక మనిషి, టై మీద చెమట మరకలతో కూర్చుని, ఎయిర్‌పోర్టు భద్రత గురించి ఎవరైనా ఏదైనా చెప్పదలచుకున్నారా అని అడిగాడు. సుందర్ రాజ్ సగం లేచాడు. వేదిక మీది నుంచి దామోదర్ అతని వైపు చూశాడు. కోపంగా కాదు. వాళ్ళింట్లో అన్నం తిన్నవాడు చూసినట్టు చూశాడు. వసంతకుమారి భర్త చొక్కా అంచు పట్టుకుని కిందికి లాగింది.

“కూర్చోండి. మన తెలుగాయన. పదిమందిలో ఏం బావుంటుంది? ఇంట్లో చెబుదురుగాని.”

సుందర్ రాజ్ కూర్చున్నాడు. ఇంకా ఎవరైనా ఉన్నారా అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఎవరూ లేరు.

సెప్టెంబరులో ఒక శుక్రవారం, వానలో, లిటిల్ ఆరెల్ నుంచి వచ్చిన విమానం రన్‌వే మీద జారి, చివర దాటి రాళ్ళ మీద పడింది. చాలామంది తలుపులోంచి దూకారు. వెనక సీట్లలో వాళ్ళు పొగలో చిక్కుకున్నారు. ఆస్పత్రి వాళ్ళు స్ట్రెచర్లతో పరుగెత్తారు, టాక్సీవాళ్ళు బక్కెట్లతో పరుగెత్తారు. ఫైర్ ట్రక్కు మాత్రం రాలేదు. సోమవారం చిన్న దీవిలో ఇన్‌స్పెక్షన్ ఉంది. ట్రక్కు సముద్రం మధ్యలో, బార్జ్ మీద, టార్పాలిన్ కింద ఉంది.

సుందర్ రాజ్ వెనక సీట్లో ఉన్నాడు.

పైలట్ కూడా పోయాడు. చచ్చినవాడు నోరెత్తడు కాబట్టి తప్పు పైలట్‌దని తేల్చారు. బతికున్నవాళ్ళ కుర్చీలు కాపాడడానికి చచ్చినవాళ్ళ పేర్లు ఎప్పుడూ అందుబాటులో ఉంటాయి.

ఆదరణ కూడిక వసంతకుమారి హాల్లోనే పెట్టారు. ఆనవాయితీ ప్రకారం ఒక్కొక్కరూ లేచి పోయినవాడి గురించి రెండు మాటలు చెప్పారు. దామోదర్ కూడా లేచాడు. నిజంగానే ఏడ్చాడు. “దేవుని చిత్తం చెల్లెమ్మా,” అన్నాడు. తనది కాని మాటను వినయంగా అరువు తెచ్చుకున్నాడు.

వసంతకుమారి తలెత్తింది. “ట్రక్కు ఎక్కడుంది అన్నయ్యగారూ?”

దామోదర్ కళ్ళు తుడుచుకున్న రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“ఇప్పుడవన్నీ ఎందుకమ్మా,” అన్నాడు దామోదర్.

“దాన్ని బార్జ్ ఎక్కించమని ఎవరు చెప్పారు?”

“మనసు బాగోలేదు నీకు. పడుకో తల్లీ.” శశికళ ఆమె భుజం పట్టుకుంది. ఎవరో పాట అందుకున్నారు.

మర్నాటి నుంచి రన్‌వే పెరగడం మొదలుపెట్టింది.

సముద్రం వైపు కాదు. ఆ చివర విమానం జారిపోయిన చోట నల్లటి మచ్చతో అలాగే ఉండిపోయింది. రెండో చివర, కొండ వైపు పెరిగింది. తెల్లారేసరికి గడ్డిలోకి కొంచెం, మర్నాటికి ఇంకొంచెం. దీవిలో ఎవరూ దీన్ని వింత అనుకోలేదు. మామిడిచెట్టు పెరిగితే వింతా? కంట్రోల్ టవర్లో అబ్బాయి పొద్దున్నే గాలి వేగంతో పాటు రన్‌వే కొత్త పొడవు కూడా పైలట్లకు చదివి చెప్పేవాడు. మేకలవాళ్ళు మేకల్ని కాస్త అవతల కట్టుకున్నారు. గీతలు, దీపాలు కూడా వాటంతట అవే వస్తుండడంతో రంగు పూసేవాళ్ళకు పని తగ్గింది. వాళ్ళ యూనియన్ ఆ విషయం మీద ఒక తీర్మానం చేసింది.

కొండ మీద ఒక్కటే పెద్ద ఇల్లు ఉంది. అది దామోదర్‌ది. టెర్మినల్‌కు అడ్డొస్తున్నాయని కింద వాలులో ఉన్న రేకుల ఇళ్ళన్నీ రూలు చూపించి అతనే కూల్చాడు. రన్‌వే దారిలో ఏదీ ఉండకూడదని ఆ రూలు. ఆ ఖాళీ వాలు మీదుగా ఇప్పుడు రన్‌వే తొందరేమీ లేకుండా పైకి ఎక్కుతోంది.

సుందర్ రాజ్ తమ్ముడు దేవకుమార్ జెర్సీ సిటీ నుంచి వచ్చాడు. అక్కడ అతనికి పగలు కాలేజీ, సాయంత్రాలు ఊరేగింపులు, అన్న పంపిన పుస్తకాలు. టెర్మినల్ ముందు ఒక్కడే అట్ట పట్టుకుని నిలబడేవాడు. అట్ట మీద “భద్రత భిక్ష కాదు, హక్కు” అని ఇంగ్లీషులోనూ తెలుగులోనూ రాశాడు. దిగిన టూరిస్టులు అతన్ని హోటల్ డ్రైవర్ అనుకుని సూట్‌కేసులు ఇచ్చేవాళ్ళు.

“ఇవాళ ఎన్ని మోశావు?” అంది వసంతకుమారి కంచం పెడుతూ.

“నవ్వు వదినా. నవ్వుతూ ఉండు. ప్రజలు మేల్కొన్న రోజున సింహాసనాలు...”

“గోడమీద పోస్టర్‌లా మాట్లాడకు. కూర ఎలా ఉంది?”

“ఉప్పు ఎక్కువైంది.”

“అదీ, అలా మాట్లాడు.”

కాసేపు తిన్నాడు. “నీకు కోపం రాదా వదినా? ఆయన రోజూ మన వీధిలోంచే కార్‌లో పోతున్నాడు. విండో దించి చెయ్యి కూడా ఊపుతున్నాడు.”

“రాకపోవడమేంటి? ఆస్పత్రిలో ఆయనకి బీపీ చూసేది నేనే. పట్టీ చుట్టిన ప్రతిసారీ ఇంకా బిగించాలనిపిస్తుంది.” ఆమె నీళ్ళగ్లాసు అతని ముందుకు జరిపింది. “నేను బిగించక్కర్లేదులే. కొండ పైకి పోతోందిగా ఆ రన్‌వే.”

క్రిస్మస్ దాటాక రన్‌వే దామోదర్ గేటు దగ్గరికి వచ్చింది. గేటు తనంతట తానే పక్కకి తప్పుకుంది. గులాబీ కుండీలను శశికళ వరండా మీదికి ఎక్కించింది. తర్వాత వరండా మీంచి లోపలికి. హాలు మధ్యలోంచి కాంక్రీటు వచ్చింది, నడుమ తెల్లగీతతో, సోఫాకు అటూ ఇటూ దీపాలతో.

“తుడవడానికి మాత్రం హాయిగా ఉంది,” అంది శశికళ ఫోన్‌లో వసంతకుమారితో. స్నేహం పోలేదు. పోయినట్టు ఎవరూ పైకి అనలేదు. “నున్నగా ఉంటుంది. కాకపోతే ఆ లైట్లు ఆర్పడానికి స్విచ్ దొరకడం లేదు వసంతా. ఈయనకి నిద్ర లేదు.”

“టవర్ నుంచి ఆర్పాలేమో వదినగారూ.”

“అదే చెప్పా. టవర్ వాళ్ళు, రన్‌వే లైట్లు ఆర్పితే డైరెక్టర్ గారే మెమో ఇస్తారు అన్నారట.”

వాళ్ళ పదహారేళ్ళ కూతురు రేణు దీవిలోనే పుట్టింది. రోలర్ స్కేట్లు కట్టుకుని వంటింటి దగ్గర మొదలై కింద టవర్ దాకా ఒక్క ఊపులో పోయొచ్చేది. ఒకరోజు భోజనాల దగ్గర, స్కేట్లు విప్పకుండానే కూర్చుని అడిగింది.

“డాడీ, ఇది మన హౌస్‌కి ఎందుకు వచ్చింది?”

“అన్నం తిను.”

“సుందర్ అంకుల్ కోసం వచ్చింది కదా? స్కూల్‌లో అందరూ చెప్తున్నారు. నువ్వు ఆంటీకి ఆన్సర్ చెప్పలేదు, అందుకే.”

దామోదర్ చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. సోఫా మీద ఆ రోజు కొత్తగా టైరు మరకలు పడ్డాయి. శశికళ వాటిమీద దుప్పటి కప్పింది.

అతను కూలీలను పిలిపించి పగలగొట్టమన్నాడు. వాళ్ళు సుత్తులతో వచ్చి, హాల్లో వరసగా నిలబడి, వాడుకలో ఉన్న రన్‌వేను పగలగొట్టాలంటే ముందు ఎయిర్‌పోర్టు మూసేయాలి సార్, మీ రూలే అన్నారు. టీ తాగి, పింగాణీ కప్పులు జాగ్రత్తగా సింక్‌లో పెట్టి వెళ్ళిపోయారు. ఆకలికి, నిప్పుకు వర్తించని రూళ్ళు కాంక్రీటుకు భలేగా వర్తిస్తాయి.

వేసవిలో ఇన్‌స్పెక్టర్ వచ్చాడు, అదే మెతక మనిషి. కొలిచే చక్రాన్ని సముద్రపు చివర నుంచి తోసుకుంటూ కొండెక్కి, బూట్లు వరండాలో విప్పి, హాలు దాటి, పడకగదిలోకి వెళ్ళాడు. కాంక్రీటు దామోదర్ మంచం కాళ్ళకు తగిలి ఆగింది. ఇన్‌స్పెక్టర్ చక్రం ఆపి, అంకె చూసి, సంతోషించాడు.

“పొడవు ఇప్పుడు సరిపోతుంది మిస్టర్ దామోదర్. చాలాకాలంగా మేం కోరుతున్నదే. కానీ చివర అడ్డం ఉంది.”

“అది మంచం సార్.”

“ఏదైనా అడ్డమే. అక్కడ ఎవరు పడుకుంటారు?”

“నేను.”

“అలాగైతే మీరు కూడా,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ మర్యాదగా. “అక్టోబరులో హియరింగ్ పెడతాం. అప్పుడు మాట్లాడుకుందాం.”

దామోదర్ హియరింగ్ దాకా ఉండదలచుకోలేదు. కాలిఫోర్నియాలో, శాంటా క్లారాలో ఒక కంపెనీ అతనికి ఉద్యోగం ఇచ్చింది, భద్రతా సలహాదారుగా. దోషులకు ప్రమోషన్, మృతులకు మౌనం. అతను ముందు వెళ్ళి ఇల్లు చూసుకోవాలి, పిల్ల స్కూలు సర్దుకున్నాక తల్లీ కూతుళ్ళు వెళ్ళాలి అనుకున్నారు.

దేవకుమార్‌కు ఈ కబురు టాక్సీ స్టాండ్‌లో తెలిసింది. ఇంటికి పరుగెత్తుకొచ్చాడు.

“పారిపోతున్నాడు వదినా. వెళ్ళిపోతే ఇక అడగడానికి ఎవరుంటారు? పైలట్ తప్పు పైలట్‌కే ఉంటుంది. ట్రక్కు బార్జ్ ఎక్కుతూనే ఉంటుంది. ఎల్లుండి కూడా ఎక్కుతుందట.”

వసంతకుమారి యూనిఫాం ఇస్త్రీ చేస్తోంది. ఇస్త్రీపెట్టె నిలబెట్టింది.

“ఏ ఫ్లైట్?”

“రేపు పొద్దున్నది.”

“నాకు రేపు పొద్దున డ్యూటీ,” అని ఆమె మళ్ళీ ఇస్త్రీపెట్టె ఎత్తింది. ఆ కాలర్ మీద అది చాలాసేపు ఉండిపోయింది. కాలిన వాసన వచ్చింది.

మనుషుల్ని ఎక్కించుకునే ఓడ ఆ దీవికి రావడం మానేసి చాలాకాలమైంది. విమానమే దారి. మర్నాడు దామోదర్ సూటు వేసుకుని, అందరితో చేతులు కలిపి, కిటికీ పక్క సీట్లో కూర్చున్నాడు. గాలి ఎప్పుడూ సముద్రం మీది నుంచే వీస్తుంది కాబట్టి పైలట్ కొండ దగ్గర నుంచి సముద్రం వైపు లేవాలి. ఆ పొద్దున గాలి తిరిగింది. పైలట్ కూడా విమానాన్ని తిప్పాడు. ముక్కు కొండ వైపు పెట్టి ఇంజన్లు పెంచాడు.

విమానం పరుగెత్తింది. లేవలేదు. లేవడానికి ఎంత రన్‌వే కావాలో దానికంటే ఇంకొంచెం ముందుకు అది సాగుతూనే ఉంది. మేకలు పక్కకు తప్పుకున్నాయి. రేకుల ఇళ్ళ మొండి పునాదులు కిటికీలోంచి ఒక్కొక్కటీ వెనక్కి పోయాయి. దామోదర్ వాటిని చూడకుండా కర్టెన్ దించాడు. విమానం వాలెక్కి, వేగం తగ్గించుకుని, గేటు దాటి, రెక్కలు ఎలా పట్టాయో పట్టాయి, హాల్లోంచి మెల్లగా పోయింది. శశికళ సోఫా చివర కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. కాళ్ళు పైకి ముడుచుకుంది. పడకగదిలో, మంచానికి ఇవతల విమానం ఆగింది. ప్రొపెల్లర్లు తిరిగి తిరిగి నిలిచాయి.

“వచ్చేశామండీ,” అన్నాడు పైలట్ మైకులో.

ప్రయాణికులు మెట్లు దించుకుని దిగారు. కొందరు వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగారు. ఒక ముసలావిడ గుమ్మం దగ్గరున్న గులాబీలు మెచ్చుకుంది. చివరగా దామోదర్ దిగాడు.

“మళ్ళీ వచ్చారా,” అంది శశికళ. “మీకు కూడా అన్నం పెట్టనా?”

తర్వాతి వారం మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ వచ్చాడు. మూడోసారి టికెట్ కౌంటర్ అమ్మాయి బోర్డింగ్ పాస్ మీద గమ్యం చోట అతని ఇంటి అడ్రసు టైపు చేసి ఇచ్చింది. ఆ అమ్మాయి మేనమామ ప్రమాదం రోజున సుందర్ రాజ్ ముందు సీట్లో కూర్చుని, అతనితోపాటే పోయినవాడు.

అతను మూడోసారి తిరిగొచ్చిన రోజు సాయంత్రం వసంతకుమారి డ్యూటీ దిగి, తెల్ల యూనిఫాంలోనే, రన్‌వే మీద నడుచుకుంటూ కొండెక్కింది. దేవకుమార్ వెనక వచ్చాడు. శశికళ తలుపు తీసింది. ఏమీ అడగకుండా లోపలికి చెయ్యి చూపించింది. రేణు వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

దామోదర్ మంచం అంచున సూటుతోనే కూర్చున్నాడు. దీపాలు అటూ ఇటూ వెలుగుతున్నాయి. కళ్ళ కింద నల్లగా ఉంది.

“చెల్లెమ్మా, నన్ను వదిలెయ్.”

“నేను పట్టుకోలేదు అన్నయ్యగారూ.”

“ఏం కావాలి నీకు? చెప్పు. ఇప్పుడే చెబుతాను. ట్రక్కును నేనే పంపమన్నాను. ఆ శుక్రవారం పొద్దున ఫోన్ చేసి నేనే పంపమన్నాను. వాన ఉంది, విమానం వస్తుంది, తెలుసు. ఎప్పుడూ ఏమీ కాలేదు కదా అనుకున్నాను.” అతను మొహం తుడుచుకున్నాడు. “చెప్పానుగా. చాలా?”

వసంతకుమారి ఇంతకాలం ఈ మాట కోసమే బతికింది. అది ఇంత చిన్నగా ఉంటుందనుకోలేదు.

“చాలదు,” అంది.

“ఇంకేం కావాలమ్మా? ఇంట్లో మనం మనం అనుకుంటే సరిపోదా? పదిమందిలో చెబితే నా ఉద్యోగం పోతుంది. జైలు కూడా ఉండొచ్చు. పిల్ల మొహం చూడు.”

“పదిమందిలో మీ పరువు పోకూడదని ఆయన్ని చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాను నేను. ఈ చేత్తోనే.” ఆమె చెయ్యి చూపించింది. “ఆయన లేచి ఆ ఒక్క మాటా అనుంటే ట్రక్కు కదిలేది కాదు. పదిమందిలో అనకుండా మింగిన మాట పదిమందిలోనే కక్కాలి. నేను ముందు వరసలో ఉంటాను. నేనూ చెబుతాను నేనేం చేశానో. నా తర్వాత మీరు చెప్పాలి, మైకులో, మీ సొంత నోటితో. ఇంగ్లీషులోనూ, తెలుగులోనూ.”

“చెప్పకపోతే?”

కాంక్రీటు జవాబిచ్చింది. మంచం కాళ్ళ మధ్యలోంచి చాపలా సాగి, గోడను ముట్టుకుని ఆగింది. దామోదర్ కాళ్ళు పైకి తీసుకున్నాడు. మంచం మీద, దీపాల మధ్య, అతను దిగడానికి నేల లేని మనిషిలా కూర్చున్నాడు.

“చెప్పు డాడీ,” అంది రేణు గుమ్మంలోంచి. “చెప్తే నిద్రపోతావ్.”

దామోదర్ తలెత్తాడు. “ఎప్పటికి?”

వసంతకుమారి పక్కకి జరిగి మరిదికి చోటిచ్చింది. దేవకుమార్ ముందుకొచ్చి, తెల్లగీత మీద నిలబడి చెప్పాడు.

“హియరింగ్ రోజుకి. 1983 అక్టోబరు 14, శుక్రవారం.”